స్పెయిన్ యుద్ధం నుంచి నిజాంపట్నం పోరు దాకా: ఓడలు, శకలాలు, తెలుగు తీరం

స్మారకోపన్యాస పాఠం, క్రోసూరు

ఇంగ్లండు, స్పెయిన్ దేశాల మధ్య సముద్రం మీద పోరు 1585లో మొదలై 1604లో లండన్ సంధితో ఆగింది. ఇన్నేళ్ల పోరులోనూ యుద్ధాన్ని లాంఛనంగా ప్రకటించలేదు. ఇంగ్లండు రాణి ఎలిజబెత్‌కు సొంత ఓడలు కొద్దిగానే ఉండేవి. వర్తకుల ఓడలే ఫిరంగులు ఎక్కించుకుని పోరుకు వెళ్లేవి, తిరిగొచ్చి మళ్లీ సరకు మోసేవి. యుద్ధం, వర్తకం, దోపిడీ మూడూ ఒకే ఓడలో ప్రయాణం చేసిన కాలమది. మన పాఠ్యపుస్తకాల్లో ఈ పోరు 1588 నాటి స్పెయిన్ ఓడల దండు 'ఆర్మడా' ఓటమిగా ఒక్క వాక్యంలో ముగుస్తుంది. అది యూరపు ఇంటిగొడవ అన్నట్టు విద్యార్థి చదివి వదిలేస్తాడు. కృష్ణా తీరపు చరిత్ర తెలియాలంటే ఆ వాక్యాన్ని అక్కడ వదలకూడదు.

కారణం 1580లో ఉంది. పోర్చుగల్ సింహాసనానికి వారసుడు లేకుండా పోయిన ఆ ఏడాది స్పెయిన్ రాజు రెండవ ఫిలిప్ ఆ రాజ్యాన్ని కూడా కైవసం చేసుకున్నాడు. 1640 దాకా రెండు రాజ్యాలకూ ఒకడే రాజు. గోవా, మలక్కా, మైలాపూరు పక్కన ఉన్న శాంథోం మొదలైన బుడతకీచుల (పోర్చుగీసువారి) స్థావరాలన్నీ ఆ ఒక్క పట్టాభిషేకంతో స్పెయిన్ రాజు కిందికి వచ్చాయి. స్పెయిన్‌తో పోరాడుతున్న ఇంగ్లీషువారికి, డచ్చివారికి ఇవి శత్రువు స్థావరాలయ్యాయి. సరిగ్గా ఆ రోజుల్లోనే, 1579 ప్రాంతంలో, కొండవీడు గోలకొండ సుల్తాను ఇబ్రహీం కుతుబ్‌షా సేనల వశమైంది. పల్నాటి నుంచి సముద్రం దాకా కృష్ణకు దక్షిణాన ఉన్న సీమ గోలకొండ ఏలుబడిలోకి వచ్చింది. లిస్బన్‌లో ఏలిక మారడం, కొండవీట ఏలిక మారడం ఒకదానికొకటి సంబంధం లేని సంగతులు. కానీ తరవాతి నూరేళ్ల బందరు (మచిలీపట్నం) కథ ఈ రెంటినీ కలుపుకునే నడిచింది.

స్పెయిన్, ఇంగ్లండు నావికుల పగకు మొదలు 1568 సెప్టెంబరు. మెక్సికో తీరాన శాన్ హువాన్ దె ఉలువా రేవులో తలదాచుకున్న జాన్ హాకిన్స్ ఓడల మీద, ఇచ్చిన మాట తప్పి, స్పెయిన్ ఓడలు విరుచుకుపడ్డాయి. రాణి సొంత ఓడ 'జీసస్ ఆఫ్ ల్యూబెక్' పోయింది. రెండు చిన్న ఓడలు తప్పించుకున్నాయి. వాటిలో ఒకదాని నాయకుడు ఫ్రాన్సిస్ డ్రేక్. ఇంగ్లీషు చరిత్రకారులు ఈ మోసాన్ని గట్టిగా చెబుతారు. అయితే హాకిన్స్ ఆ తీరానికి వెళ్లింది ఆఫ్రికాలో పట్టి తెచ్చిన మనుషులను బానిసలుగా అమ్మడానికి. ఆ సంగతిని కూడా అంత గట్టిగానూ చెప్పాలి. 1577లో బయలుదేరిన డ్రేక్ 1579లో దక్షిణ అమెరికా పడమటి తీరాన స్పెయిన్ వెండి ఓడను పట్టుకుని, పసిఫిక్ దాటి, లవంగాల దీవి తెర్నాతె చేరాడు. 1580 జనవరిలో సెలెబీస్ దగ్గర అతని 'గోల్డెన్ హైండ్' రాతిదిబ్బకు తగులుకుంది. బరువు తగ్గించడానికి ఫిరంగులు, లవంగాలు సముద్రంలో పారేశారు. వెండిని మాత్రం ముట్టుకోలేదు.

రెండు పక్షాల యుద్ధ పద్ధతులు వేరు. స్పెయిన్ ఓడ అంటే నీటి మీది కోట. ముందూ వెనకా ఎత్తైన బురుజులు, నిండా సైనికులు. శత్రువు ఓడను కొక్కేలతో దగ్గరికి లాగి, దాని మీదికి దూకి, కత్తితో తేల్చుకోవాలన్నది వారి ఆలోచన. ఫిరంగి ఒక్కసారి పేలితే చాలు. హాకిన్స్ పర్యవేక్షణలో కట్టిన ఇంగ్లీషు ఓడలు బురుజులు తగ్గించుకుని, పొడుగు పెరిగి, గాలికి త్వరగా తిరిగేవి. వాటి ఫిరంగులు చిన్న నాలుగు చక్రాల బండి మీద ఉండేవి. పేలగానే వెనక్కి జరిగేవి, మళ్లీ మందు దట్టించి ముందుకు తోయడం సులువు. స్పెయిన్ ఓడల్లో చాలా చోట్ల ఫిరంగి బండ్లు నేల మీద లాగే బండ్లలా పెద్ద చక్రాలతో, పొడవాటి తోకతో ఉండేవి. ఇరుకు ఓడలో వాటిని తిప్పుకోవడమే కష్టం. వీటి జాడలు తరవాత మునిగిన ఓడల్లో దొరికాయి.

1588 మే చివర లిస్బన్ నుంచి బయలుదేరిన ఆర్మడాలో దాదాపు 130 ఓడలు, 30,000 మందికి దగ్గరగా మనుషులు ఉన్నారు. నాయకుడు మెదీనా సిదోనియా డ్యూక్. ఇంగ్లీషు కాలువలో వారం రోజుల పాటు ఫిరంగుల మోత మోగినా అర్ధచంద్రాకారంలో కదిలే ఆ దండు చెదరలేదు. చెదరగొట్టింది నిప్పు. ఆగస్టు 7 రాత్రి, కలే దగ్గర లంగరు వేసి ఉన్న ఆర్మడా మీదికి ఇంగ్లీషువారు ఎనిమిది ఓడలకు నిప్పు పెట్టి గాలివాలున వదిలారు. మండే ఓడ తగిలితే బతుకు లేదు. లంగరు పైకి లాగే వ్యవధి లేక స్పెయిన్ నావికులు తాళ్లు నరికి బయటపడ్డారు. మర్నాడు గ్రావెలీన్ ఎదుట ఇంగ్లీషువారు దగ్గరగా వచ్చి కొట్టారు. కానీ ఆ రాత్రి సముద్రం అడుగున వదిలేసిన లంగర్లే ఆర్మడాకు అసలు దెబ్బ.

ఆ సంగతి ఐర్లండు తీరంలో తేలింది. గాలి ఎదురై, వెనక్కి పోయే దారిలేక, ఆర్మడా స్కాట్లండు ఉత్తరపు కొనను చుట్టి ఇంటిదారి పట్టింది. మంచినీళ్లు పాడయ్యాయి, రోగాలు ముదిరాయి, సెప్టెంబరు తుపానులు పట్టుకున్నాయి. ఒడ్డుకు కొట్టుకుపోతున్న ఓడను నిలబెట్టేది మంచి లంగరు ఒక్కటే. అది చాలా ఓడలకు లేదు. ఐర్లండు రాళ్ల మీద ఇరవైకి పైగా ఓడలు పగిలిపోయాయి. స్లైగో దగ్గర స్ట్రీడా ఇసుక తీరంలో 'లా లావియా', 'లా హులియానా', 'సాంతా మరియా దె విసోన్' ఒకే తుపానుకు బలి అయ్యాయి. వెయ్యిమందికి పైగా అక్కడే చనిపోయారు. ఒడ్డుకు చేరినవారిలో చాలామందిని ఇంగ్లీషు అధికారుల ఆజ్ఞ మీద చంపేశారు. 'హిరోనా' అనే ఓడ ఇంకా ఘోరం. మునిగిన రెండు మూడు ఓడలవాళ్లు దానిలోకి ఎక్కారు. దాదాపు 1,300 మందితో నిండిన ఆ ఓడ 1588 అక్టోబరు చివరివారంలో ఆంట్రిమ్ తీరాన లకాడా కొన దగ్గర రాయికి కొట్టుకుంది. బతికినవారిని వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

'హిరోనా'ను 1967లో బెల్జియం గజ ఈతగాడు రొబేర్ స్తెనుయి కనుగొన్నాడు. అంతకుముందు గాలించినవారు వేరే చోట వెతికారు. అతను పాత పటాల్లో స్పెయిన్ పేరు మిగిలిన చిన్న రేవును పట్టుకుని అక్కడే దిగాడు. చెక్క ఏమీ మిగలలేదు, అలలు పొడి చేశాయి. రాతి సందుల్లో మాత్రం బంగారు గొలుసులు, ఉంగరాలు, నాణేలు ఉన్నాయి. కెంపులు పొదిగిన రెక్కల బల్లి ఆకారపు బంగారు పతకం కూడా ఉంది. ఇవి బెల్‌ఫాస్ట్‌లోని అల్‌స్టర్ మ్యూజియంలో ఉన్నాయి. 1971లో డెర్రీ పట్టణపు ఈతగాళ్ల సంఘం కినగో అఖాతంలో 'లా త్రినిదాద్ వాలెంసెరా'ను కనుక్కుంది. అది వెనిస్ నుంచి లాక్కున్న ధాన్యపు ఓడ. దానిలో ఫిలిప్ రాజచిహ్నం ఉన్న పెద్ద కంచు ఫిరంగులు, కోటలను ముట్టడించడానికి తెచ్చిన బండి చక్రాలు దొరికాయి. లండన్ గోడలు కూల్చడానికి బయలుదేరిన సామగ్రి ఐర్లండు ఇసుకలో నాలుగు శతాబ్దాలు పడుకుంది. 2015లో స్ట్రీడా ఇసుక జరగడంతో 'లా హులియానా' కంచు ఫిరంగులు బయటపడ్డాయి. స్పెయిన్ ఫిరంగి బండ్ల గురించి పైన చెప్పిన మాటకు సాక్ష్యం ఇలా సముద్రం అడుగు నుంచే వచ్చింది. మునిగిన ఓడ ఒక్క రోజున ఆగిపోయిన ఊరు. కాగితం దాచినదాన్ని కూడా అది చూపిస్తుంది.

తెలుగు తీరానికి దారి చూపిన సంఘటన ఆర్మడా కాదు, నాలుగేళ్ల తరవాత జరిగినది. గోవా నుంచి లిస్బన్‌కు వచ్చే బుడతకీచుల భారీ ఓడలు అట్లాంటిక్ మధ్యలో అజోర్ దీవుల దగ్గర మంచినీటికి ఆగేవి. ఇంగ్లీషు ఓడలు అక్కడే కాపు కాసేవి. 1587లో డ్రేక్ 'సావ్ ఫెలిపె'ను పట్టుకున్నాడు. 1591లో అదే జలాల్లో ఇంగ్లీషువారి 'రివెంజ్' ఒంటరిగా స్పెయిన్ దండుకు చిక్కి, వెంటనే వచ్చిన తుపానులో మునిగిపోయింది. 1592 ఆగస్టులో ఇంగ్లీషు ఓడలు ఫ్లోరెస్ దీవి దగ్గర 'మాద్రె దె దెయుస్'ను పగలంతా కొట్టి రాత్రికి పట్టుకున్నాయి. దాని బరువు సుమారు 1,600 టన్నులు, ఏడు అంతస్తులు, 32 ఫిరంగులు. ఇంగ్లండులో అంత పెద్ద ఓడను ఎవరూ చూసి ఉండలేదు.

సెప్టెంబరులో అది డార్ట్‌మత్ రేవు చేరేసరికి లండన్ నుంచి కంసాలులు, బేరగాళ్లు పరుగున వచ్చారు. నావికులు జేబుల్లో వజ్రాలు, ముత్యాలు, కస్తూరి పెట్టుకుని తిరిగారు. లూటీని ఆపడానికి ప్రభుత్వం జైలులో ఉన్న వాల్టర్ రాలీని విడిపించి పంపవలసి వచ్చింది. తెచ్చినదాని విలువ సుమారు అయిదు లక్షల పౌన్లని మొదట్లో అంచనా వేస్తే, లెక్కకు తేలింది 1,40,000 పౌన్ల సరకే. మిరియాలే 400 టన్నులకు పైగా ఉన్నాయి. జాబితాలో లవంగాలు, దాల్చిన చెక్క, పట్టు, దంతం, పింగాణీలతో పాటు నూలు బట్టల రకాలు వరసగా ఉన్నాయి: తెల్లబట్ట, గంజి పెట్టిన సన్నబట్ట, వెడల్పు బట్ట, అద్దకపు దుప్పట్లు. లండన్ వర్తకులు చదివింది ఈ జాబితాను. తూర్పుదేశాల వర్తకం వివరాలున్న కాగితాలు కూడా ఆ ఓడలో దొరికాయి. ఎనిమిదేళ్లకు, 1600 డిసెంబరు 31న, ఈస్టిండియా కంపెనీకి రాణి పట్టా ఇచ్చింది.

యుద్ధం, వర్తకం ఎంతగా కలిసిపోయాయో చూడటానికి ఓడల పేర్లే చాలు. ఆర్మడా మీద పోరాడిన 'ఎడ్వర్డ్ బొనవెంచర్' నాయకుడు జేమ్స్ లాంకాస్టర్ 1591లో అదే ఓడను హిందూ మహాసముద్రానికి నడిపాడు. 1601లో కంపెనీ మొదటి యాత్రకు నాయకుడూ అతనే. ఈసారి ఎక్కిన 'రెడ్ డ్రాగన్' అంతకుముందు 'స్కర్జ్ ఆఫ్ మాలిస్' అనే పేరుతో స్పెయిన్ ఓడలను వేటాడటానికి ఒక జమీందారు కట్టించుకున్నది. పేరు మారిందిగానీ ఫిరంగులు మారలేదు.

లాంకాస్టర్ తూర్పుకు వెళ్లింది మిరియాల కోసం. సుమత్రా దీవిలోని ఆచే చేరాక అక్కడివారికి ఇంగ్లీషు ఉన్నిబట్ట అక్కర్లేదని తెలిసింది. వారు అడిగింది హిందూదేశపు తూర్పు తీరపు నూలు బట్ట, రంగు అద్దకం. అది లేనివాడికి మిరియాలు లేవు. 1602 అక్టోబరులో మలక్కా జలసంధిలో లాంకాస్టర్ శాంథోం నుంచి వస్తున్న బుడతకీచుల ఓడ 'సావ్ అంతోనియో'ను పట్టుకున్నాడు. అందులోని సుమారు 950 మూటల తెల్లబట్టను, అద్దకపు బట్టను తన ఓడల్లోకి దించుకున్నాడు. ఆ బట్టలతోనే బాంటాంలో మిరియాలు కొన్నాడు. కంపెనీ మొదటి యాత్ర లాభంలో ఈ దోపిడీ భాగం చిన్నది కాదు. ఈ తీరంలో ఎవరు నేశారో, ఎవరు అద్దారో పేర్లు లేని ఆ 950 మూటలే కంపెనీని మళ్లీ ఈ తీరానికి రప్పించాయి.

డచ్చివారు ముందు వచ్చారు. 1605లో వారి ఓడ 'డెల్ఫ్ట్' మచిలీపట్నం చేరింది. మరుసటి ఏడాదికి గోలకొండ సుల్తాను అనుమతితో అక్కడా, నిజాంపట్నంలోనూ వర్తక స్థావరాలు వెలిశాయి. యూరపువారి కాగితాల్లో పెటపోలి అని కనబడే ఊరు ఈ నిజాంపట్నమే, పాత పెద్దపల్లె. వారిని అక్కడికి లాగింది ఎరుపు రంగు. ఆ చుట్టుపక్కల ఇసుక నేలల్లో పెరిగే చిరివేరు నుంచి తీసిన రంగు ఎన్ని ఉతుకులకూ వెలవదు. అద్దకపు బట్టకు ధర పలికేది ఆ ఎరుపుతోనే.

ఇంగ్లీషువారు 1611లో వచ్చారు. 'గ్లోబ్' ఓడ నాయకుడు ఆంథనీ హిప్పన్, దాని వర్తకులు పీటర్ ఫ్లోరిస్, లూకాస్ ఆంథెనిస్ డచ్చి దేశస్థులు. ఆగస్టులో పులికాట్ రేవులో దిగబోతే, విజయనగర రాజు వేంకటపతిరాయల కౌలు తమకే ఉందని డచ్చివారు అడ్డుపడ్డారు. ఓడ ఉత్తరానికి తిరిగి నిజాంపట్నం, మచిలీపట్నం చేరింది. తెలుగు తీరంలో ఇంగ్లీషు కంపెనీ మొదటి అడుగు ఇది. సయాం దాకా వెళ్లి 1613 చివర మళ్లీ మచిలీపట్నం వచ్చినప్పుడు, ఓడను నరసాపురం రేవులో బాగు చేయించారు. అక్కడి వడ్రంగుల పనితనానికి అప్పటికే పేరుంది. బాకీ వసూలు కాక విసిగిన ఫ్లోరిస్ 1614లో మచిలీపట్నం అధికారి కొడుకును సుంకపు చావడి దగ్గరే పట్టుకుని ఓడ మీద బందీగా ఉంచాడు. డబ్బు వచ్చాకే వదిలాడు. అజోర్ దీవుల దగ్గర నేర్చిన అలవాటు బందరు రేవులోనూ పోలేదు.

స్పెయిన్ రాజు పేరు ఈ తీరం మీద నేరుగా వినబడింది 1612లో. శాంథోం బుడతకీచులు జూన్‌లో పులికాట్ డచ్చి స్థావరం మీద దాడి చేసి ధ్వంసం చేశారు. నెదర్లాండ్స్ స్పెయిన్ మీద చేస్తున్న తిరుగుబాటుకు ఇది బంగాళాఖాతపు ముక్క. దాని ఫలితంగా 1613లో డచ్చివారు అక్కడ గెల్‌డ్రియా కోట కట్టారు. ఈ తీరంలో తుపాకీ నీడన వర్తకం చేసే పద్ధతి అక్కడి నుంచి స్థిరపడింది. 1620లలో దుగరాజపట్నం దగ్గర, 1639 తరవాత మద్రాసులో ఇంగ్లీషువారు కట్టుకున్న కోటలు ఆ బాటలోనివే.

సముద్రం మీది ఈ పోటీకి పల్నాడు దూరంగా లేదు. క్రోసూరుకు వాయవ్యంగా, కృష్ణ ఒడ్డున కొల్లూరు వజ్రపు గనులు ఉండేవి. మచిలీపట్నంలో ఇంగ్లీషు కొఠీ పెద్దగా 1618 నుంచి 1622 దాకా పనిచేసిన విలియం మెత్‌వోల్డ్ ఒక గనిని స్వయంగా చూసి, 30,000 మంది దాకా పనిచేస్తున్నారని రాశాడు. అది కొల్లూరేనని చరిత్రకారులు గుర్తించారు. తరవాత వచ్చిన ఫ్రెంచి వజ్రాల వర్తకుడు తావెర్నియే 60,000 అన్నాడు. ఆడవాళ్లు, పిల్లలు మట్టి మోసేవారు, మగవాళ్లు తవ్వేవారు. పెద్ద రాయి సుల్తానుకే చెందాలన్నది కట్టడి. గోవాకు, సూరతుకు, మచిలీపట్నానికి చేరిన రాళ్లలో దాచి తెచ్చినవీ ఉండేవి. మూట విప్పక్కర్లేని సరకు వజ్రం కాబట్టి, ఓడ పట్టుబడినప్పుడు మొదట మాయమయ్యేదీ అదే. కొల్లూరు ఊరు ఇప్పుడు పులిచింతల జలాశయం కింద ఉంది. ఓడలు మునిగిన కథల్లో మన ప్రాంతపు గని కూడా చివరికి నీటి కిందికే చేరింది.

కృష్ణా గోదావరుల మధ్య తీరం ఓడలకు ఆతిథ్యం ఇచ్చేది కాదు. సముద్రం మైళ్ల దూరం దాకా లోతు తక్కువ, అడుగున ఒండ్రు. పెద్ద ఓడ మచిలీపట్నానికి అయిదు మైళ్ల దూరాన లంగరు వేసుకునేది. సరకు ఎక్కించినా దించినా మసూలా పడవల మీదే. ఆ పడవ పలకలకు మేకులుండవు, కొబ్బరి పీచు తాడుతో కుట్టి ఉంటాయి. మేకులు కొట్టిన పడవ అల మీద నుంచి నేలకు తగిలితే పగిలిపోతుంది, కుట్టుపడవ ఒంగి లేస్తుంది. దాన్ని నడిపే పల్లెకారులు లేకపోతే ఏ దేశపు కంపెనీకీ ఒక్క మూట ఒడ్డు చేరేది కాదు. ఓడల రాకపోకలకు కాలనియమం ఉంది. నైరుతి గాలి మీద వేసవి నుంచి సెప్టెంబరు దాకా వచ్చేవి. అక్టోబరు రాకముందే ఖాళీ చేయకపోతే ఈశాన్యపు తుపానుల నోట పడతాయి. అందుకే ఈ తీరంలో చాలా పోరులు ఆగస్టు సెప్టెంబరు నెలల్లో జరిగాయి. శత్రువు ఎప్పుడు ఎక్కడ ఉంటాడో రుతుపవనమే చెప్పేది.

వీటిలో పెద్దది 1673 నాటిది. అప్పటికి స్పెయిన్ బలం తగ్గింది. ఒకప్పుడు దాని మీద భుజం కలిపి పోరాడిన ఇంగ్లీషువారు, డచ్చివారు తమలో తాము మూడోసారి యుద్ధానికి దిగారు. 1672లో ఫ్రాన్సు రాజు పద్నాలుగవ లూయీ, ఇంగ్లండు రాజు రెండవ చార్లెస్ కలిసి డచ్చి దేశం మీద పడ్డారు. అదే ఏడాది ఫ్రెంచి సేనాని ద లా హే అప్పటికి గోలకొండ ఏలుబడిలోకి వచ్చిన శాంథోంను పట్టుకున్నాడు. దాన్ని తిరిగి తీసుకోవడానికి గోలకొండ సేనలు నేల మీద, డచ్చి ఓడలు నీటి మీద చుట్టుముట్టాయి. అబుల్ హసన్ తానీషా పాలన మొదటి రోజులవి. యూరపు యుద్ధంలో ఒక పక్షం గోలకొండకు తోడు, రెండో పక్షం ఎదురు. ఇంగ్లీషువారు ఎదుటి పక్షంలో ఉంటూనే గోలకొండ రేవులో వర్తకం కొనసాగించాలి.

1673 వేసవిలో ఇంగ్లండు నుంచి వెండి, సరకు మోసుకుని కంపెనీ ఓడల దండు ఈ తీరానికి వచ్చింది. వైద్యుడు జాన్ ఫ్రయర్ ఆ దండుతోనే వచ్చి మచిలీపట్నం చూశాడు. కుట్టుపడవల గురించి, ఊరి బురద గురించి, సంత రద్దీ గురించి అతను రాసినది ఇప్పటికీ పనికొచ్చే వర్ణన. అప్పటి ఇంగ్లీషు పంచాంగం ప్రకారం ఆగస్టు 22న, ఇప్పటి లెక్కలో సెప్టెంబరు 1న, మచిలీపట్నం, నిజాంపట్నం రేవుల ఎదుటి సముద్రంలో విలియం బాస్ నాయకత్వంలోని పది ఇంగ్లీషు ఓడలకు వాన్ క్వాల్‌బెర్గెన్ నాయకత్వంలోని పదమూడు డచ్చి ఓడలు ఎదురుపడ్డాయి. కంపెనీ ఓడలు ఫిరంగులున్న వర్తక ఓడలు. పొట్టనిండా సరకుంటే ఫిరంగి తిప్పే చోటు తక్కువ, గాలికి తిరిగే వేగమూ తక్కువ. ఆర్మడా కాలంలో స్పెయిన్ ఓడల బరువు ఇంగ్లీషువారికి కలిసి వచ్చింది. ఇక్కడ ఆ బరువు తమ వైపే ఉంది. 'యాంటిలోప్' మునిగింది. 'ప్రెసిడెంట్', 'శాంసన్' డచ్చివారికి చిక్కాయి. మిగిలినవి మద్రాసు వైపు తప్పించుకున్నాయి. 'యాంటిలోప్' నాయకుడు జాన్ గోల్డ్స్‌బరో డచ్చివారి చేతిలో ఖైదీ అయ్యాడు. ఇరవై ఏళ్ల తరవాత అతనే కంపెనీ వ్యవహారాలన్నిటిపై పెత్తనంతో మళ్లీ ఇండియా వచ్చి, 1693లో బెంగాల్‌లో చనిపోయాడు. 1674 ఫిబ్రవరిలో వెస్ట్‌మినిస్టర్ సంధితో ఇంగ్లీషు డచ్చి యుద్ధం ఆగింది. సెప్టెంబరులో శాంథోం లొంగింది.

ఈ పోరు మన చరిత్ర పుస్తకాల్లో ఉండదు. ఉండాలి. గ్రావెలీన్ ఎదుట ఇంగ్లీషువారు ఒక్క ఓడనూ శత్రువు ఫిరంగికి పోగొట్టుకోలేదు. బందరు ఎదుట ఒక్క రోజులో మూడు పోగొట్టుకున్నారు. అయినా గ్రావెలీన్ పేరు లోకమంతా తెలుసు, దివిసీమ పిల్లవాడికి తన ఊరి సముద్రంలో జరిగినది తెలియదు.

ఐర్లండు తీరంతో పోలిస్తే ఇక్కడి ఓడల గతి వేరు. అక్కడ రాయి ఓడను పగలగొట్టి, బరువైన వస్తువును సందుల్లో దాచింది. ఇక్కడ రాయి లేదు. ఏటేటా కృష్ణ తెచ్చే ఒండ్రు అడుగును కప్పుతూ పోతుంది, ఒడ్డు రూపే మారుతుంది. గాలి చొరని బురదలో చెక్క ఎక్కువ కాలం నిలుస్తుంది. వెచ్చని ఉప్పునీటిలో పైకి తేలి ఉన్న చెక్కను పురుగు తినేస్తుంది. కంచు, రాయి, పింగాణీ, సీసపు ముద్రలు మిగిలేవి. ఒడ్డున కనబడే గుర్తులు మచిలీపట్నంలో ఉన్నాయి: వలందపాలెం, పరాసుపేట, ఇంగ్లీషుపాలెం అని మూడు జాతుల పేర్లు మోస్తున్న పేటలు, బందరుకోట దగ్గర 17వ శతాబ్దపు డచ్చి సమాధులు. ఆ సమాధి రాళ్ల మీద చెక్కిన ఓడలను, వంశచిహ్నాలను ఉప్పుగాలి తినేయకముందే శ్రద్ధగా నకలు తీసి పెట్టుకోవడం మన బాధ్యత.

తరవాతి కథ త్వరగా నడిచింది. 1686లో బాకీల పేరుతో డచ్చివారు మచిలీపట్నాన్ని కొన్ని నెలలు స్వాధీనం చేసుకున్నారు. 1687లో గోలకొండ ఔరంగజేబు వశమైంది. 1759 ఏప్రిల్‌లో ఇంగ్లీషు కల్నల్ ఫోర్డ్ రాత్రి దాడితో ఫ్రెంచివారి బందరు కోటను గెలిచాడు. వారం రోజులకు 'హార్లెం', 'బ్రిస్టల్' అనే రెండు ఫ్రెంచి ఓడలు సేనలతో వచ్చి, కోట పోయిందని చూసి గంజాం వైపు సాగిపోయాయి. వారం ముందు వచ్చి ఉంటే ఉత్తర సర్కారుల చరిత్ర మరోలా ఉండేది.

తెలుగు తీరాన యూరపు తెరచాప ఓడల చివరి పెద్ద పోరు 1804 సెప్టెంబరులో విశాఖపట్నం రేవు ఎదుట జరిగింది. ఫ్రెంచి నౌకా సేనాని లినోయి 74 ఫిరంగుల 'మరెంగో'తో, 'అతలాంత్', 'సెమియాంత్' అనే రెండు తేలిక ఓడలతో వచ్చాడు. రేవులో 50 ఫిరంగుల ఇంగ్లీషు ఓడ 'సెంచూరియన్', రెండు వర్తక ఓడలు లంగరు వేసి ఉన్నాయి. నాయకుడు జేమ్స్ లిండ్ ఆ సమయానికి ఒడ్డు మీద ఉన్నాడు, లెఫ్టినెంటు ఫిలిప్స్ పోరు మొదలుపెట్టాడు. వర్తక ఓడ 'ప్రిన్సెస్ షార్లెట్' ఒక్క గుండూ పేల్చకుండా లొంగిపోయింది. రెండోది 'బార్నబీ'. దాని నావికులు 1588లో కలే దగ్గర స్పెయిన్‌వారు చేసినట్టే లంగరు తాడు నరికేశారు. ఫలితమూ అదే: నిలిపేది లేక ఓడ అలల్లో ఒడ్డుకు కొట్టుకుపోయి ముక్కలైంది. 'సెంచూరియన్' తెరచాపలు చిరిగి, తాళ్లు తెగి, లోతు తక్కువ నీటిలోకి జరిగి మళ్లీ లంగరు వేసింది. పెద్ద ఓడ అయిన 'మరెంగో' ఆ నీటిలోకి వెంట రాలేకపోయింది. లినోయి పట్టుబడిన ఓడను తీసుకుని వెళ్లిపోయాడు. 'సెంచూరియన్' మరమ్మతుకు మద్రాసు చేరింది.